ఆరుబయట మనుష్యుల ఫోటోలు తీయుటనుగూర్చి

ఏటేట మన పాఠశాల సంచిక వెలువడినప్పుడు పిల్లలు మొదట చూచునది వ్యాసమును గాదు, పద్యమును గాదు. ప్రధానోపాధ్యాయులవారి నివేదికను అంతకన్నను గాదు. తరగతి ఫోటో యున్న పుటను వెదకి, అందు తమ ముఖ మెచ్చట నున్నదో వ్రేలితో చూపుకొందురు. తల్లిదండ్రులును అట్లే చేయుదురు. అక్షరము రాని తాతయు ఆ పుటను కంటికి దగ్గఱగా పట్టుకొని, "మావోడు యాడుండాడు?" అని యడుగును. ఆ ప్రశ్నకు బదులుగా మనము చూపగలుగునది పెక్కుసారులు ఒక మసక చుక్క. కాదేని, ఎండకు కండ్లు చికిలించి, కనుగుంటలలోను ముక్కుక్రిందను నల్లని నీడ పడి, ఎవరిదో పోల్చరాని యొక ముఖము. ఇది చిరకాలముగా నా మనస్సును కలచుచున్న విషయము గనుక, ఈ యేడు పత్రికా సంపాదకవర్గమువారు "ఏదైన నొక వ్యాసము వ్రాయుడు" అని కోరినప్పుడు నీతివిషయమును విడిచి దీనినే గైకొంటిని.

నేను ఫోటోగ్రాఫరును గాను. గణితము చెప్పుకొను ఉపాధ్యాయినిని. అయినను ఇరువది సంవత్సరములుగా కెమేరాను చేతబట్టి, చెడగొట్టిన ఫోటోలను చూచి చూచి కొంత నేర్చుకొంటిని. నా యభిప్రాయమును ముందుగనే చెప్పివేసెదను. ఆరుబయట మనుష్యుల ఫోటోలు చెడుటకు కారణము యంత్రము గాదు. ఎవరిని తీయుచున్నామో, ఆ చిత్రమందు ఏది తేటగా నుండవలెనో, మీట నొక్కుటకు ముందే మనము నిశ్చయించుకొనకపోవుటయే కారణము.

ఇది నాకు ఎట్లు తెలిసినదో చెప్పెదను. 2003వ సంవత్సరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచు సెలవులకు ఇంటికి వచ్చియుంటిని. తోటి విద్యార్థిని యొకతె తన కెమేరాను నాకు ఎరువిచ్చెను. అది 36 ఫోటోలు పట్టు ఫిల్ము వేయునది. మీట నొక్కిన చాలును, ఫోకసు తనంతట తానే చూచుకొను జాతిది. మా తల్లిదండ్రులకు పట్టుపురుగుల పెంపకము. ఒకనాడు పొద్దు గ్రుంకు వేళ వారిరువురును మల్బరీ ఆకు మోపులతో తోటనుండి వచ్చుచుండిరి. వెనుక కొండ, కొండపై ఎఱ్ఱని యాకసము. "నాయనా, అమ్మ పక్కన నిలబడు" అంటిని. మా నాయనకు సిగ్గు. మూరెడు దూరమున నిలిచెను. మా యమ్మ కొంగు సర్దుకొనెను. నేను ఇరువురిని చట్రమునకు సరిగా నడుమ నుంచి, మీట నొక్కితిని.

ఫిల్ము కడిగించి తెచ్చి చూడగా, కొండమీది బండలు ఒక్కొక్కటిగా లెక్క పెట్టవచ్చును. ముందు నిలిచిన ఇరువురి ముఖములు మాత్రము నీటిలో కరిగినట్లుండెను. మా యమ్మ దానిని చూచి, "కొండ బాగా పడిండాది పాపా" అని నవ్వెను. తరువాత నాలుగేండ్లకు ఆమె ప్రభువునందు నిద్రించెను. ఇరువురు కలిసి యున్న ఫోటో అది యొక్కటియే.

ఏమి జరిగినదో చాలకాలమునకు గాని నాకు అర్థము కాలేదు. తనంతట తానే ఫోకసు చేయు చిన్న కెమేరాలను జపానుదేశపు కోనికా కంపెనీవారు 1977లో మొదట విరివిగా చేసి అమ్మిరి. అది మొదలు చాలకాలము వచ్చిన అట్టి సామాన్య కెమేరాలు చట్రపు నడిమి భాగమును మాత్రమే చూచి దూరమును కొలిచెడివి. నడుమ నున్నదే ముఖ్యమైనదని వాని నమ్మకము. మా యమ్మకును నాయనకును మధ్య నున్న ఆ మూరెడు సందున కెమేరాకు కనబడినది కొండ; కనుక కొండకే ఫోకసు చేసెను. దానికి తోడు చీకటిపడుచుండుటచే లెన్సు ద్వారము మిక్కిలి తెఱచుకొని యుండెను. చేయవలసినది చాల స్వల్పము. మొదట ఒకరి ముఖమును నడిమికి తెచ్చి, మీటను సగము నొక్కి, వ్రేలు ఎత్తకుండ కెమేరాను కొంచెము త్రిప్పి, ఇరువురు చట్రమున ఇమిడిన పిమ్మట పూర్తిగా నొక్కవలయును. ఆ సంగతి కెమేరా సంచిలోనే యున్న చిన్న పుస్తకమున వ్రాసియుండెను. పిల్లలకు "ప్రశ్నపత్రమును ముందు పూర్తిగా చదువుడు" అని చెప్పుటకు శిక్షణ పొందుచున్న నేను దానిని చదువలేదు.

ఇప్పటి ఫోనులు ముఖమును తామే కనిపెట్టి దానిచుట్టు చిన్న చదరము గీయును. నిజమే. అయితే పదిమంది యున్నచోట అందెవరి ముఖము ముఖ్యమో ఫోనునకు తెలియదు. పెండ్లిలో ముందునుండి పోవు వడ్డన కుఱ్ఱవానికి ఫోకసు చేసి పెండ్లికూతురిని మసక చేసిన ఫోనులను నేను చూచితిని. తెరమీద మన మెవరిని తాకుదుమో వారికే అది ఫోకసు చేయును. ఆ ఒక్క తాకుడు మనము చేయవలసిన పని. పెక్కు ఫోనులలో వ్రేలిని అట్లే కొంచెముసేపు అదిమి యుంచినచో ఫోకసును వెలుతురును అచ్చటనే నిలిచిపోవును. పిదప గాలికి కొమ్మ యడ్డము వచ్చినను చెదరదు.

పై తరగతుల పిల్లలు దీని వెనుక నున్న శాస్త్రమును కొంత తెలిసికొనుట మంచిది. లెన్సు ఒకానొక దూరమునకు మాత్రమే పూర్ణముగా తేటయైన బింబము నేర్పఱచును. దానికి ముందు వెనుకల కొంత మేర మన కంటికి తేటగానే తోచును. ఆ మేరను తేటలోతు అందము. లెన్సు ద్వారమును చిన్నది చేసినకొలది ఇది పెరుగును. మనిషికి దగ్గఱ పోయినకొలది తఱుగును. 35 మి.మీ. వెడల్పుగల ఫిల్ము కెమేరాకు 50 మి.మీ. లెన్సు పెట్టి, రెండు మీటర్ల దూరమున నున్న మనిషిని ఎఫ్ 2 ద్వారముతో తీసినచో, తేటలోతు సుమారు 19 సెంటీమీటర్లు మాత్రమే. అనగా జానెడన్నను లేదు. ఎఫ్ 8కి మూసినచో అది సుమారు 80 సెంటీమీటర్లగును. జానెడులోపల మనిషి యంతయు ఇమడడు గనుక, ఏది తేటగా నుండవలెననునది మనము ఏరుకొనక తప్పదు.

ఏరుకొనవలసినది కన్ను. ముఖము ఒక ప్రక్కకు తిరిగియున్నప్పుడు కెమేరాకు దగ్గఱగా నున్న కన్ను. చెవి మసకబారినను, భుజము మసకబారినను చూచువారు క్షమింతురు. కన్ను మసకబారినచో ఆ మనిషియే అచ్చట లేనట్లుండును. మనము ఎదుటివారితో మాటలాడునప్పుడు ఎచ్చట చూచెదమో, ఫోటోలో గూడ అచ్చటనే చూచెదము.

ఇచ్చట నొక చిక్కు కలదు. ఎఫ్ 2 వంటి పెద్ద ద్వారముతో, దగ్గఱనుండి తీయునప్పుడు, నేను పైన చెప్పిన "సగము నొక్కి త్రిప్పు" పద్ధతి మోసము చేయును. రెండు మీటర్ల దూరమున కంటికి ఫోకసు చేసి కెమేరాను 20 డిగ్రీలు త్రిప్పితిమేని, తేటగా నుండు తలము కంటికి సుమారు 12 సెంటీమీటర్లు వెనుకకు జరుగును. దీనిని పదవ తరగతి పిల్లలు కొసైను పట్టికతో తామే లెక్క కట్టవచ్చును: రెండు మీటర్లను 20 డిగ్రీల కొసైనుతో గుణింపగా 1.88 మీటర్లు వచ్చును. కంటికి చేసిన ఫోకసు చెవి యుండు చోటికి పోయినదన్నమాట. అట్టి సమయమున ద్వారమును ఎఫ్ 5.6 వఱకైన మూయవలయును. లేదా కెమేరాలోని ఫోకసు బిందువునే కంటిమీదికి జరుపవలయును. కళాశాలలో త్రికోణమితి యెందుకని నన్నడిగిన పిల్లలు ఈ యొక్క ఉదాహరణను జ్ఞాపక ముంచుకొందురు గాక.

ఫోనులోని లెన్సు చాల చిన్నది. దాని అసలు నాభ్యంతరము కొన్ని మిల్లీమీటర్లే. కనుక దానికి తేటలోతు మిక్కిలి యెక్కువ. ముఖమును కొండయు రెండును తేటగానే పడును. వెనుకటి దృశ్యమును మసక చేయు "పోర్ట్రెయిట్" ఏర్పాటు లెన్సు చేయు పని గాదు. ఫోను లెక్క కట్టి తుడుచు పని. అది మనిషి యంచు ఎచ్చట ముగియునో ఊహించును. ఊహ తప్పినప్పుడు చెవి కమ్మ సగము పోవును. కొప్పులోని మల్లెపూలు వెనుకటి మసకలో కలిసిపోవును. గాలికి చెదరిన వెండ్రుకలున్న ముసలివారి తల కత్తిరించి అంటించినట్లుండును. ఇట్టి ఫోటోలు ఇప్పుడు మన ప్రాంతమున వివాహపత్రికలమీదను, చనిపోయినవారి జ్ఞాపకార్థపు కార్డులమీదను గూడ కనబడుచున్నవి. నా మట్టుకు నేను అట్టి మసకకన్న కొండ తేటగా నున్నను బాధపడను. ముఖము గూడ తేటగా నున్నచో.

ఇక వెలుతురు మాట. మన రామకుప్పము మండలమున చెట్టు నీడకు కొదువ లేదు. అయినను ఫోటో అనగానే జనమును ఎండలోనికి లాగుదురు. పూర్వము ఫిల్ము పెట్టెలలో వచ్చు కాగితముమీద "మంచి యెండలో ఇంత ద్వారము, ఇంత వేగము" అని అచ్చువేసెడివారు. 100 వేగపు ఫిల్మునకు ఎఫ్ 16, సెకనులో 125వ వంతు. ఆ లెక్క ఎండకు సరిపోవును గాని ముఖమునకు సరిపోదు. మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన నుండగా కన్నులు గుంటలగును. ఉదయము ఎనిమిది గంటలలోపలను, సాయంకాలము అయిదు గంటల తరువాతను వెలుతురు ప్రక్కనుండి వచ్చి ముఖమునకు రూపు నిచ్చును. నడిపగలు తీయక తప్పనిచో బడి గోడకు ఉత్తరపు తట్టున పడు నీడ కలదు. నీడ అంచునకు దగ్గఱగా నిలిపి, మొగమును బయటి వెలుతురువైపు త్రిప్పవలయును. చింతచెట్టు క్రింది నీడ చల్లనిదే గాని ఫోటోకు కాని నీడ. ఆకుల సందులనుండి దిగిన యెండ చుక్కలు చొక్కామీద, బుగ్గమీద తెల్లని మచ్చలై పడును. మఱ్ఱిచెట్టు మేలు.

మన ఎఱ్ఱమట్టికి నొక గుణము కలదు. ఎండలో నేలనుండి యెగసిన వెలుతురు గవదక్రింద ఎఱ్ఱగా పడును. తెల్లని పంచెను నాలుగు మడతలు వేసి మనిషి మోకాళ్ల ముందు పఱచినచో ఆ యెఱుపు తగ్గి కన్నులలోనికి వెలుగు వచ్చును. సినిమావారు వెండికాగితము అంటించిన పలకలు పట్టుదురు. మనకు పంచె చాలును. మా యింట దుప్పటి నుపయోగించితిమి, అదియును పని చేసినది.

కెమేరా వెలుతురును కొలుచు రీతిని గూడ ఎఱిగియుండవలయును. తాను చూచునదంతయు సగటున నడితరపు బూడిదవన్నెలో నుండునని అది తలచును. వెనుక తెల్లని ఆకసము, ఒంటిపై తెల్లని యూనిఫారము ఉన్నచో, "అబ్బా, ఎంత వెలుతురు!" అని తలంచి మొత్తమును చీకటి చేయును. అందుచే నల్లని ముఖములు మఱింత నల్లబడి కండ్లు పండ్లు తప్ప కనబడకుండ పోవును. అది పిల్లవాని రంగు తప్పు గాదు. ముఖమునకు దగ్గఱగా పోయి, ముఖమును బట్టి వెలుతురును కొలిచి తీయనివాని తప్పు. ఇరువదవ శతాబ్దమున కొడాక్ కంపెనీవారు ఫోటోలు అచ్చువేయువారికి రంగులు సరిచూచుకొనుటకై పంపిన మచ్చు చిత్రములలో చాలకాలము తెల్లజాతి స్త్రీయే యుండెను. ఆమె చర్మము సరిగా వచ్చిన చాలునని పద్ధతి యేర్పడెను. అట్టి పద్ధతిని మనము మన పిల్లల ముఖములమీద నడిపింప బనిలేదు. అంతకన్న దుఃఖకరమైనది, ఫోనులో "అందము" పేర చర్మమును తెల్లగా నునుపుగా చేయు ఏర్పాటును తెఱచి యుంచి పిల్లల ఫోటోలు తీయుట. ఒక బాలిక తన ఫోటో చూచుకొని "నేను ఇట్లుంటే బాగుండు టీచర్" అన్న మాట నేను చెవులార వింటిని. ఆ ఏర్పాటును మూసి తీయుడని తల్లిదండ్రులను వేడుకొనుచున్నాను.

చట్రమున మనిషిని ఎచ్చట నుంచవలెనను విషయమున పెద్దల గ్రంథములలో నియమములు పెక్కు కలవు. వానిలో నాకు పనికివచ్చినవి కొన్నియే. మొట్టమొదట వెనుకకు చూడవలయును. తలమీదినుండి కరెంటు స్తంభము మొలిచినట్లుండుట, చెఱువుగట్టు గీత మెడను కోసినట్లు పోవుట, బండిచక్రము చెవివెనుక నుండుట, ఇవన్నియు ఒక్క యడుగు ప్రక్కకు జరిగినంతనే పోవును. మన కన్ను ఎదుటి మనిషినే చూచి స్తంభమును మఱచును, కెమేరా మఱువదు. తరువాత కెమేరా ఎత్తు. పిల్లలను తీయువారు నిలువుననే యుండి క్రిందికి వంచి తీయుదురు. పెద్ద తల, పొట్టి కాళ్లు వచ్చును. మోకాళ్లూని వారి కంటి యెత్తునకు దిగవలయును. నిలువెత్తు ఫోటోకు కెమేరా నడుము ఎత్తున నున్నచో దేహపు కొలతలు సరిగా వచ్చును. కాళ్లను చీలమండలయొద్ద, చేతులను మణికట్టులయొద్ద కోయగూడదు. కోయవలసివచ్చిన తొడ నడుమనో, నడుముపైననో కోయవలయును. చూచుచున్న దిక్కున కొంత ఖాళీ విడువవలయును. గోడవైపు చూచుచు నిలిచినవానివలె ఎవరును కనబడగూడదు.

ఈ నియమములన్నిటికంటె ముఖ్యమైనది, వెనుకటి చోటు ఆ మనిషిదై యుండుట. ఇంగ్లండులో పీటర్ హెన్రీ ఎమర్సను అను ఆయన నార్ఫోకు ప్రాంతపు నీటిపల్లెల జనులను వారి పనిపాటలలోనే ఆరుబయట ఫోటోలు తీసి, 1889లో ప్రకటించిన గ్రంథమున, ముఖ్యమైనది తేటగాను తక్కినది కొంచెము మెత్తగాను ఉండవలెనని వాదించెను. రెండేండ్లు తిరుగకముందే తన వాదమును తానే ఖండించుకొనెను. అయినను ఆయన తీసిన చిత్రములు నిలిచినవి. మన దేశమున ఆస్ట్రియానుండి వచ్చిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు 1940 మొదలు నల్లమల చెంచులయొద్దను, పిదప ఆదిలాబాదు గోండులయొద్దను వసించి వారి చిత్రములను విరివిగా తీసెను. చెంచులనుగూర్చిన ఆయన గ్రంథము 1943లోను, ఆదిలాబాదు రాజగోండుల గ్రంథము 1948లోను వెలువడెను. ఆ ఫోటోలలో అడవియు, గుడిసెయు, చేతనున్న విల్లును అలంకారములు గావు. అవి వారి బ్రదుకు. కోరుట్లలో 1939లో జన్మించి 2011లో కీర్తిశేషుడైన బండి రాజన్‌బాబుగారు గూడ ఆదివాసులను వారి నేలమీదనే చిత్రించి ఖ్యాతి గాంచిరి. మన యూరి మనిషిని తీయుటకు జలపాతపు బొమ్మ తెర యెందుకు? మా నాయన వెనుక పట్టుగూళ్లు కట్టిన చంద్రిక యున్న చాలును.

"ఆరుబయట" అన్నాను గనుక ఏనుగుల మాట గూడ చెప్పవలయును. 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యము మనకు పొరుగున నున్నది. ఏనుగులు పొలములలోనికి వచ్చుట మనకు క్రొత్తగాదు. వానికి వెన్నుచూపి నిలిచి తమ ఫోటో తామే తీసికొన యత్నించు యువకులకు నేను ఫోకసునుగూర్చి చెప్పునదేమియు లేదు. ఇంటికి రమ్మని మాత్రము చెప్పుదును.

ఇప్పుడు మన తరగతి ఫోటోకు వచ్చెదను. మూడువందలమంది పిల్లలను బడి ముందు ఒక్క పెట్టున నిలిపి తీసినచో, వరుసల వెడల్పు 14 మీటర్లకు తగ్గదు. దానిని 15 సెంటీమీటర్ల వెడల్పు పుటమీద అచ్చువేసిన, ఒక్కొక్క తల యెత్తు రెండు మిల్లీమీటర్లకు కొంచె మెక్కువ; ఆవగింజంత. ఇరువది నలుగురిని మూడు వరుసలుగా నిలిపినచో వెడల్పు మూడున్నర మీటర్లకు సరిపోవును. అప్పుడు అదే పుటమీద తల తొమ్మిది మిల్లీమీటర్లు, చింతగింజంత వచ్చును. ఆవగింజలో తాత మనుమని వెదకలేడు, చింతగింజలో వెదకగలడు. కాబట్టి పెద్ద తరగతులను రెండు భాగములు చేసి తీయుట మేలు. పుటలు పెరుగును, అచ్చుఖర్చు పెరుగును, ఎఱుగుదును. నా వ్యాసమునే తగ్గించి ఆ పుటను పిల్లల ఫోటోకు ఇచ్చినను నాకు సమ్మతమే.

మూడు వరుసల లోతు సుమారు ఒకటిన్నర మీటరు. అయిదు మీటర్ల దూరమునుండి ఎఫ్ 2 తో తీసిన తేటలోతు 1.2 మీటర్లే గనుక ఒక వరుస తప్పక మసకబారును. ఎఫ్ 8 అయినచో సుమారు 3.4 మీటర్లనుండి 9.6 మీటర్లవఱకు అంతయు తేటగా వచ్చును. రెండవ వరుసలోని యొకరి కంటికి ఫోకసు చేయుట సురక్షితము. ఫోనుతో తీయువారికి వేఱొక జాగ్రత్త: దాని లెన్సు వెడల్పుగా చూచునది గనుక దగ్గఱనుండి తీసినచో వరుస చివరల నున్నవారి ముఖములు ప్రక్కకు సాగి లావుగా వచ్చును. నాలుగడుగులు వెనుకకు పోయి, చివరల కొంత చోటు విడిచి తీసి, పిదప కత్తిరింపవలయును. ఎవరో ఒకరు కన్ను మూయుదురు. ఒక్కటి గాక ఆఱు తీయవలయును.

వరుసలు పేర్చుటయందు పూర్వులనుండి నేర్వదగినది కలదు. లాలా దీనదయాళుగారు మీరటు సమీపపు సర్ధనలో 1844లో జన్మించి, ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారులై, సికింద్రాబాదున స్టూడియో నడపి 1905లో గతించిరి. గాజు పలకలమీద తీయు ఆ దినములలో జనము కదలక నిలువవలసియుండెడిది. అయినను ఆయన తీసిన సమూహ చిత్రములలో కొందఱు కూర్చుండి, కొందఱు నిలిచి, తలలు వేర్వేఱు ఎత్తులలో నుండును; చూచువాని కన్ను ఒక్కొక్కరియొద్ద ఆగి పోవును. ఘోషా స్త్రీల నిమిత్తము 1892లో హైదరాబాదున వేఱు స్టూడియో పెట్టి, దానిని ఒక ఆంగ్లస్త్రీ చేతికి అప్పగించిరి. ఎదుటివారు ఎవరియెదుట జంకులేక నిలువగలరో దానిని ఆలోచించుట గూడ ఫోటో తీయుటలో భాగమే యని ఆయన యెఱుగును. మన బాలికల ఫోటోను ఒక ఉపాధ్యాయిని తీయుట మంచిదని నే ననుటకు కారణ మదియే.

అడుగకుండ తీయుటనుగూర్చి నాకు బుద్ధి చెప్పినవారు పట్టుగూళ్లు ఏరుచున్న యొక పెద్దాయన. వెలుతురు చక్కగా నుండెనని, ముఖము ముడుతలు అందముగా నున్నవని నేను దూరమునుండి ఫోను ఎత్తితిని. ఆయన తల యెత్తి, "టీచరమ్మా, అడిగింటే సొక్కా ఏసుకొనుంటా గదా" అనెను. నేను సిగ్గుపడి ఫోను దించితిని. ఆయన లోనికి పోయి, చొక్కా తొడుగుకొని, తల దువ్వుకొని వచ్చి నిలిచెను. నేను తలచిన చిత్రము పోయినది. ఆయన తలచిన చిత్రము వచ్చినది. అదియే వారి యింట గోడమీద నున్నది.

పోయిన క్రిస్మసు సెలవులలో మా నాయనను మల్బరీ తోట ప్రక్కనే, ఆ పాత చోటనే నిలువుమంటిని. ఆయనకిప్పుడు చేతికఱ్ఱ కావలయును. కొండ అదే కొండ. నేను వెనుకకు నడచి చట్రము చూచుకొనునప్పటికి ఆయన నడుమ నిలువక, కొంచెము కుడిప్రక్కకు జరిగి, ఎడమవైపున మూరెడు చోటు విడిచి నిలిచియుండెను. "నడిమికి రా నాయనా" అనబోయి మానితిని. తెరమీద ఆయన కంటిని తాకి, వ్రేలు అదిమి యుంచి, గాలి నిలిచిన పిమ్మట మీట నొక్కితిని.